నలభై మీద ముల్లు

ముల్లు అబద్ధమాడుతోందని
చ్యూ మాస్టారు చెబితే నేను నమ్మలేదు.
ముప్పై ఆరేళ్ళు లెక్కలు దిద్దిన మనిషికి
అనుమానం వృత్తిరోగం కదా.

ఆయన వయసుకి తగ్గ స్కూటరు.
సీటు చిరుగు మీద చేపలవల దారంతో కుట్లు,
మీటరు అద్దం లోపల చెమ్మ,
ఇరవైకీ ముప్పైకీ మధ్య ఓ చచ్చిన చీమ.

తైవాన్ తూర్పు ఒడ్డున మా ఊరు.
సముద్రం పక్కనే పదకొండో నంబరు రోడ్డు,
కిలోమీటరుకో ఆకుపచ్చ పలక.
నేను నడిపాను. వెనక ఆయన,
బడి పరుగుపందాల నాటి స్టాప్‌వాచీతో.
ముల్లుని నలభై మీద నిలపడమంటే
నిండు గిన్నెతో గడప దాటడమే,
ఊపిరి కూడా అడిగి పీల్చాలి.
నలభైలో పోతే కిలోమీటరుకి తొంభై సెకన్లు.
పలక దాటగానే నా చెవిలో అరిచారు:
నూట మూడు.
గాలి వాటమేమోనని వెనక్కి తిప్పాం. నూట రెండు.
మళ్ళీ వెళ్ళాం. నూట నాలుగు.
"ముప్పై అయిదు, పనయ్! ముప్పై అయిదే!"
చూసిరాత కుర్రాణ్ణి పట్టుకున్నంత సంబరం.

తిరిగిన దూరం అంకెలు మాత్రం
పలకకీ పలకకీ సరిగ్గా ఒక్కటి కదిలాయి.
వాటిది పళ్ళచక్రాల బతుకు, పన్నుకి పన్ను లెక్క.
ముల్లుకి ఆ ఆసరా లేదు.
అయస్కాంతం తాకకుండానే ముందుకి లాగుతుంది,
వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి లాగుతుంది,
ఆ తగువు ఎక్కడాగితే అదే వేగం.
స్ప్రింగుకి వయసైంది. పట్టు సడలింది.
అంతే జబ్బు.

షాపులో రేకు అంచు విప్పి
ముందు చీమని తీశాను.
కేబులుని డ్రిల్లుతో తిప్పుతూ
స్ప్రింగు కొసని వెంట్రుకవాసి జరిపాను.
రోడ్డెక్కితే తొంభై ఏడు.
మళ్ళీ విప్పడం, మళ్ళీ బిగించడం, ఓ మరచుట్టు పోగొట్టడం,
దాన్ని వెతకడానికి మాస్టారు నేలమీద బోర్లా పడుకోవడం.
దీపాలు పెట్టే వేళకి తొంభై ఒకటి.
ఆ ఒక్క సెకను వదిలెయ్యమన్నాను.
ముల్లు రోడ్డుకన్నా రవ్వంత ముందుంటేనే మేలు.

డబ్బు లెక్కపెడుతూ అప్పుడు చెప్పారు:
వెనక కూర్చుని యుయెతావ్
భుజం మీంచి మీటరే చూస్తుందట.
నలభై దాటితే వీపులో వేలితో పొడుస్తుందట,
బండి కొన్న రోజునుంచీ.
ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్.
ఎంత ముందు బయల్దేరినా ఆలస్యమే,
నర్సు చేత చీవాట్లే.
"ఆవిడకి చెప్పకు," అన్నారు.
"నలభై అంటే నలభయ్యేగా."

శుక్రవారం పొద్దున్నే షాపు ముందునుంచి పోయారు.
ఎప్పుడూ మెడచుట్టూ ముద్దగా ఉండే ఆవిడ స్కార్ఫు
తోకలా లేచి ఉంది.
చెయ్యి ఆయన నడుము మీద, వేలు కదల్లేదు.

మధ్యాహ్నం తిరిగొస్తూ
టైర్లలో గాలి చూపించుకోడానికి ఆగారు.
"ఈ వారం సముద్రపు గాలి జాస్తిగా ఉంది కదూ,"
అంది యుయెతావ్, మాస్టారి వైపు చూడకుండా.
రేవులో పడవల మీద జెండాలు
తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.

అవునన్నాను,
ముందు చక్రానికి గొట్టం తగిలిస్తూ.