తెలియదు అన్న మనిషి

ముప్ఫై ఒక్క ఏళ్లు
మిసిసిపీకి తలుపులు తీశాను, మూశాను.
విస్కాన్సిన్ ఒడ్డున కాంక్రీటు గదిలోకి
సోయా గింజల బార్జీలు వచ్చి నిలబడేవి.
నీళ్లు నింపితే లేచేవి, వదిలితే దిగేవి.
పదకొండు అడుగుల తేడా,
అంతే నా ఉద్యోగం.

నీరు పల్లమెరుగు అంటారు.
నా పెన్షన్ ఎటు పారుతుందో
ఎరిగినవాడు మాత్రం ఎక్కడా దొరకలేదు.

దొరకలేదంటే తప్పు,
దొరికినవాళ్లందరికీ తెలుసు.

టిఫిన్ గదిలో డ్వేన్, నోట్లో శాండ్‌విచ్ ఉండగానే,
"వాడని జబ్బు సెలవులన్నీ ఏట్లో కలిసినట్టే" అన్నాడు.
ఏనాడూ జ్వరానికి పడుకోని నా పదమూడు వందల గంటలు
కిటికీలోంచి కొట్టుకుపోవడం చూశాను.
లూథరన్ చర్చి మెట్ల మీద ఓర్విల్,
"కాదు, లెక్కగట్టి నోట్లిస్తారు, మా బావకిచ్చారు" అన్నాడు.
వాళ్ల బావ పనిచేసింది పాల కంపెనీలో.
తలకొక మాట అంటే ఏమిటో
ఆ శనివారం మంగలి షాపులో పూర్తిగా తెలిసింది:
మూడు కుర్చీలు, మూడు తలలు, నాలుగు సమాధానాలు.

అందరూ ఏకమైంది ఒక్కచోటే.
"భార్యకి వాటా రాశావా, నెలనెలా కోత.
వద్దని రాసెయ్. బతికున్నన్నాళ్లూ నిండు చెక్కు."
ఆర్డిస్‌కి చెబితే చేతులు తుడుచుకుని
"నీ చాకిరీ, నీ డబ్బు" అని
బ్యాంకులో నోటరీ ముందు సంతకం చేసి వచ్చింది.
ఆ కాగితం ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద
పంపడానికి సిద్ధంగా ఉంది.

గురువారం ఫోను చేశాను.
నలభై నిమిషాలు ఎవరిదో పియానో విన్నాను.
తర్వాత ఒక గొంతు: నోరీన్ కుబిట్స్, సిబ్బంది విభాగం.
ప్రశ్నలన్నీ గుక్కతిప్పుకోకుండా అడిగేశాను.
కాసేపు కాగితాల చప్పుడు.
"ఈ సెలవుల సంగతి నాకు సరిగ్గా తెలియదండీ.
చూసి రేపు చెబుతాను."

ఆరు నెలల్లో
ఆ మాట అన్న మొదటి మనిషి.
పశువుల దాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్ మీద
ఆమె పేరు, తేదీ, టైము రాసుకున్నాను,
పడవ వచ్చిన వేళ లాగ్‌బుక్కులో రాసినట్టు.

రేపు అంది, రేపే చేసింది.
నిబంధన నంబరు చదివింది, నా చేత మళ్లీ చదివించింది.
సెలవులు ఏట్లో కలవవు, నోట్లూ కావు;
పెన్షన్ లెక్కలో సర్వీసుకి కలుస్తాయి.
దిగిపోవడానికి తగ్గిన ఏళ్లను మాత్రం పూడ్చవు.
మొదట వచ్చేది అడ్వాన్సులాంటిది,
పూర్తి మొత్తానికి నెలలు పట్టొచ్చు,
చేతిలో కొంత ఉంచుకోండి.

పెట్టేస్తాననుకున్నాను.
"ఒకటి మీరడగలేదు" అంది.
"మీ ఆవిడ ఆరోగ్య బీమా ఎవరి పేరున?"

నా పేరునే.

"అయితే ఆమెకి వాటా వద్దని రాస్తే
మీ తర్వాత ఆ బీమా కూడా ఆగిపోతుంది.
అది తెలిసే రాస్తున్నారా?"

వంటింట్లో ఆర్డిస్ వాలై చేపకి పొలుసు గీస్తోంది.
గతేడాదే తుంటి ఎముక మార్పించుకుంది.
బిల్లు వచ్చినప్పుడు కవరు విప్పింది నేనే.
నోరీన్ లైన్లోనే ఉంది, తొందరపెట్టలేదు.
నీళ్లు మెల్లగా దిగుతున్నప్పుడు
గోడ మీద తడి గీత కనబడుతుంది చూడండి,
ఎంత ఎత్తున ఉన్నామో అప్పుడు తెలుస్తుంది.

చెప్పాను ఆర్డిస్‌కి, ఉన్నదున్నట్టు.
కత్తి ఆపలేదు.
"నీకిది ముందే తెలుసా?"

"తెలియదు."

"ఈ మాట నీ నోట వినడం ఇదే మొదటిసారి" అంది,
ఫ్రిజ్ మీది కాగితం లాగి
పొలుసులన్నీ అందులోకి ఊడ్చి
నాలుగు మడతలు పెట్టింది,
నోటరీ ముద్ర లోపలికి వచ్చేలా.