బలవంతుడి ఖాతా

చియాతురాలో ఫిబ్రవరి.
మాంగనీసు కడిగిన నీళ్ళతో
క్విరిలా ఏరు సిరాబుడ్డి ఒలికినట్టు పారుతోంది.
రోప్‌వే డబ్బా దిగి, బూట్ల నల్లబురద గుమ్మంలో విదిల్చి
తొమ్మిదో తరగతిలోకి వచ్చింది ఎతేరి టీచరు.
హీటరు పనిచెయ్యదు. ఆవిడ కోటు విప్పదు.

"ఒంటరిగా ఉన్న మూలకానికి సున్నా.
ఎవరికీ ఇచ్చింది లేదు, ఎవరి దగ్గరా పుచ్చుకుంది లేదు.
పొటాషియం ఏ ఇంటికెళ్ళినా ప్లస్ ఒకటి,
దాని చేతిలో ఏదీ నిలవదు.
ఆక్సిజన్‌కి మైనస్ రెండు.
పెరాక్సైడులో మాత్రం ఒకటితో సరిపెట్టుకుంటుంది,
ఎదురుగా కూర్చున్నది కూడా ఆక్సిజనే గనక.
అన్నీ కూడితే సున్నా రావాలి.
రాకపోతే తప్పు మీది, అణువుది కాదు."

పర్మాంగనేటు లెక్క ఇచ్చింది.
నాలుగు ఆక్సిజన్లు, మైనస్ ఎనిమిది.
పొటాషియం ఒకటి తీర్చింది.
మిగిలిన ఏడూ మాంగనీసు నెత్తిన.

ఏడు!
వెనక బెంచీలో బద్రీ ఈల వేశాడు.
బయటి కక్ష్యల్లో దానికున్నవే ఏడు.

నేను చెయ్యెత్తాను.
"నిజంగా ఏడూ ఇచ్చేసిందా టీచర్?"

ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.
"లేదు. పంచుకుంటాయి.
చలిరాత్రి ఇద్దరు కప్పుకున్న దుప్పటిలా
ఎలక్ట్రాన్లు మధ్యలోనే ఉంటాయి.
లెక్క తేలాలి కదా, అందుకని
గట్టిగా లాగేవాడి ఖాతాలో మొత్తం రాసేస్తాం.
ఇది మనం చేసుకున్న ఒప్పందం.
పరీక్షలో రాయండి. నమ్మకండి."

గంట కొట్టారు. నేను కదల్లేదు.
గని ఆఫీసు కిటికీలో నాన్న జీతం కాగితం గుర్తొచ్చింది,
హెల్మెట్‌కి ఇంత, చేతి తొడుగులకి ఇంత,
తవ్వని రోజులకి ఇంత.
అడుగున గీత. గీత కింద సున్నా.
కూడిక ఎక్కడా తప్పు లేదు.

ఆ రాత్రి నాన్న అరచెయ్యి చీరుకుని వచ్చాడు.
రాయి జారిందట.
బామ్మ గాజుబుడ్డి వంచి రెండే రెండు పలుకులు
గోరువెచ్చని నీళ్ళలో వేసింది.
పళ్ళెం నిండా వంగపూల రంగు.
చెయ్యి ముంచి, పళ్ళు బిగించి కూర్చున్నాడు.

కాసేపటికి గాయం చుట్టూ
గోధుమరంగు మచ్చ కట్టింది.

"ఏడు కాస్తా నాలుగైంది నాన్నా," అన్నాను.
"నీ చర్మం దగ్గర మూడు లాక్కుంది.
ఈ మచ్చ ఏమిటో తెలుసా?
మాంగనీసు డయాక్సైడు.
రోజూ నువ్వు తవ్వే రాయే."

తెంగిజ్ అనే ఆ మనిషి, మా నాన్న,
అరచేతిని దీపం కిందికి తెచ్చి
అటూ ఇటూ తిప్పి చూశాడు.
సొరంగంలో ఖనిజం నాణ్యత చూసేటప్పుడు
సరిగ్గా అలాగే చూస్తాడు.

"మూడేగా, నానుకా," అన్నాడు.
"ఎవరి ఖాతాలో రాస్తారట?"

బామ్మకి లెక్కలు రావు.
పళ్ళెం తీసుకెళ్ళి
మెట్ల పక్క మంచులో పారబోసింది.
పొద్దున చూస్తే అక్కడ
ఇంకా కొంచెం ఊదారంగు.