లాగి చూడటం

షెప్పర్టన్ లైసెన్సు ఆఫీసులో
కౌంటరు వెనక పిల్ల నా పన్నెండేళ్ల కాగితాలు తిరగేసి
"ఇవి కారుకి చెల్లుతాయి" అంది.
నర్సరావుపేట నుంచి కలకత్తా దాకా
మిరప బస్తాల కింద మూలిగిన పది టైర్లు
ఆమె కంప్యూటరులో కారు అయ్యాయి.
కోపం రాలేదు. తుమ్ము వచ్చింది.
ఆ ఘాటు ముక్కులో ఇంకా ఉంది కాబోలు.

మళ్లీ అఆలు.
హెవీ రిజిడ్ అంటారు, అంటే నడుం వంగని బండి.
ఏడాది అదే తోలాను,
తెల్లారగట్ల మూడింటికి టటూరా, కయాబ్రమ్, నుముర్కా,
ఫారం ఫారానికీ ఆగి పాలు పీల్చుకుంటూ.
పాల గుణం అక్కడే తెలిసింది.
బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, పాలు ఆగవు,
ఒక రెప్పపాటు ఆలస్యంగా వచ్చి
వీపు మీద చెయ్యేసి తోస్తాయి.
మిరపకాయ ఎన్నడూ అలా చెయ్యలేదు.

ఇప్పుడు పై తరగతి. నడుం వంగే బండి.
నేర్పేది గ్లెనిస్. అరవై మూడేళ్లు.
ఎడమచేతికి చిటికెనవేలు లేదు,
ఏ గొలుసు తీసుకుపోయిందో చెప్పదు.
సైదులు అంటే "సైడ్‌లూ" అంటుంది.
పోనీలే, లారీవాడి పేరులో సైడు ఉండటం మంచిదే.

మొదటి పాఠం వెనక్కి.
నాకు వెనక్కి అంటే ఇన్నాసి.
బాడీ మీద అరచేత్తో చరుస్తూ
"రానీ, రానీ, రానీ... ఒల్డాన్!"
పన్నెండేళ్లు నా వీపున కళ్లు వాడివి.
ఇక్కడ రెండు అద్దాలున్నాయి. అవి అరవవు.
కుడికి తిప్పితే తోక ఎడమకి పోయింది,
సరిదిద్దబోతే
మెడ విరిచిన కోడిలా మడతపడింది.

చేయి తిరిగినవాణ్ననుకున్నాను.
గ్లెనిస్ ఆ చేతినే పట్టుకుని
స్టీరింగు పైనుంచి దించి అడుగున పెట్టింది.
"ఇప్పుడు చెయ్యి ఎటు పోతే ట్రైలరు అటు. అంతే."
పైన కూర్చోవటం మరిగిన చెయ్యి
అడుగున కుదురుకోవటానికి మూడు శనివారాలు పట్టింది.

బొటనవేలిది ఇంకో గొడవ.
మలుపులో, గేటు దగ్గర, ఆవు కనబడితే,
దానంతటదే హారను మీదకి పోయేది.
"ఎవర్ని తిడుతున్నావు?"
తిట్టటం కాదు, వస్తున్నానని చెప్పటం అన్నాను.
"ఇంత బండి! వాళ్లకి కనబడకపోతేగా."

మొదటిసారి పరీక్ష పోయింది.
ఒక నారింజ రంగు కోను,
దాని నెత్తిన నా వెనక టైరు.

రెండోసారి యార్డులో మంచు.
చేతులు ఊరుకోక ఇనపరాడ్డు తీసి
టైర్లు కొట్టుకుంటూ పోతున్నాను.
టంగ్, టంగ్, టంగ్,
దబ్.
ఆగాను. జతలో లోపలి టైరు.
పక్కది దాని బరువూ మోస్తుంటే
కంటికి ఎలా తెలుస్తుంది?
గ్లెనిస్ గేజి పెట్టింది. ముప్పై. నూరు ఉండాలి.
ఏమీ అనలేదు. రాడ్డు అడిగి తీసుకుని
తనూ కొట్టింది, తల వంచి విన్నది,
మళ్లీ కొట్టింది.
ఆమె అట్ట మీది కాగితంలో
ఆ చప్పుడుకి టిక్కు పెట్టే గడి లేదు.

టైరు మార్చాక తగిలించటం.
ట్రైలరు కిందికి మెల్లగా వెనక్కి,
పిన్ను దవడలో పడి టక్కుమంటుంది.
ఆ టక్కుని నమ్మొద్దంటుంది గ్లెనిస్.
ట్రైలరు బ్రేకు పట్టి ఉండగానే
చిన్న గేరులో ఒకసారి ముందుకి లాగి చూడాలి.
ఊడేదయితే ఇక్కడే ఊడాలి,
మెల్‌బోర్న్ రోడ్డు మీద కాదు.

క్లచ్చి వదిలాను.
ఇంజను మూలిగింది. సీటు కింద ఏదో బిగుసుకుంది.
ఎంతో వెనక నుంచి
ఎవరో బాడీ మీద చరిచినట్టు, ఒల్డాన్ అన్నట్టు.
అద్దంలో చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

పక్క తలుపు తీసుకుని
పరీక్ష ఆఫీసరు ఎక్కాడు,
పెన్ను నోట్లో పెట్టుకుని బెల్టు వెతుక్కుంటున్నాడు.