తిరుగు తీగ

లెర్విక్‌లో డిసెంబరు.
మూడింటికే సముద్రం సూర్యుణ్ణి మింగేస్తుంది.
ఇక్కడ దీపం పెట్టే వేళంటే
మధ్యాహ్నం టీ వేళే.

హాల్‌క్రో వాళ్ల వంటింటి బల్ల మీద
ఏడు స్విచ్చులు పరిచాను
పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు.
తాకితే చాలనే నల్ల గాజుపలక,
గుండ్రంగా తిప్పే మీట,
నొక్కితే నీలంగా కన్నుకొట్టేది,
బ్యాటరీతో బతికే బిళ్ల,
ఇంకో మూడు: తెలుపు, తెలుపు, కాస్త తక్కువ తెలుపు.

గిబ్బీ ముప్పై ఏళ్లు ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసినవాడు.
గాజుపలక చూసి చిన్నపిల్లాడైపోయాడు.
ఫోన్లో ఇల్లంతా కనపడుతుందట,
అబెర్డీన్‌లో ఉండి ఇక్కడి మెట్ల లైటు ఆర్పొచ్చట.
"అబెర్డీన్‌లో నీకేం పని?" అంది ఉర్సిలా.

అరచేతిలో వైకుంఠం చూపించే కంపెనీలు
నాకు కొత్త కాదు.
అలాంటిదొకటి మూతపడ్డ రోజు
బ్రే ఊళ్లో ఒక ఇంట్లో పదకొండు దీపాలు
ఎవరి మాటా వినడం మానేశాయి.

మాటతో వెలిగేది కూడా ఉందన్నాను.
"గోడకి చెవులుంటాయని వినడమేగానీ
డబ్బిచ్చి పెట్టించుకోవడం ఇప్పుడే చూస్తున్నా."

అప్పుడు మొదలైంది ఆమె పరీక్ష.
కళ్లు మూసుకుని.
పిండి చేతుల్తో.
బట్టల బుట్ట చంకలో పెట్టుకుని, మోచేత్తో.
చివరికి ఊలు గ్లౌజు తొడుక్కుని.
గాజుపలక ఊలుని గుర్తుపట్టలేదు.
ఈ దీవిలో ఊలుని గుర్తుపట్టనిది
ఎన్నాళ్లు బతుకుతుంది?
గిబ్బీ దాన్ని రెండు చేతులా ఎత్తి పెట్టెలో పెట్టాడు,
చిన్న చేపని మళ్లీ నీళ్లలోకి వదిలేవాడిలా.

హాల్లో పాత స్విచ్చి విప్పాను.
నాలుగు పొరల పెయింటు వెనక
రెండే తీగలు.
వచ్చేదొకటి. దీపానికి పోయేదొకటి.
తిరుగు తీగ పైకప్పులోనే ఆగిపోయింది,
ఇక్కడిదాకా దిగనే లేదు.

గిబ్బీకి చెప్పాను:
పాత స్విచ్చికి నిద్ర తెలుసు.
ఆర్పితే అదీ ఆరిపోతుంది.
కొత్తదేమో రాత్రంతా మెలకువగా ఉండాలి
ఎవరు పిలుస్తారో అని.
ఆ మెలకువకి గుక్కెడు కరెంటు కావాలి,
తాగింది వెనక్కి పోవడానికి దారి కావాలి.
దారి లేకపోతే దీపం గుండానే
దొంగచాటుగా పంపుతుంది.
అప్పుడు ఆర్పేసిన బల్బు కూడా
పూర్తిగా ఆరదు,
అలక తీరని మనిషిలా మినుకుమినుకుమంటుంది.

ఉర్సిలా గిబ్బీ వైపు చూసి నవ్వింది.
ఎందుకో నేనడగలేదు.

చివరికి కుదిరింది ఇదీ:
మెదడు పైకప్పులో, తిరుగు తీగ పక్కనే.
గోడ మీద మాత్రం మామూలు మీట.
ఆ 'టక్' కోసం ఆమె
కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టు
ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వింది.
కాస్త తక్కువ తెలుపుది గెలిచింది,
రంగు వల్ల కాదు.

మెట్ల కింది సామాన్ల గదికి ఏమీ వద్దంది.
"ఒక్క దీపమైనా
నాకూ దానికీ మధ్యే ఉండనీ."

గురువారం గాలికి ఊరంతా కరెంటు పోయింది.
తెలివైన ఇళ్లూ, తెలివిలేని ఇళ్లూ
ఒకే చీకటి కప్పుకున్నాయి.
తెల్లవారుజామున నాలుగింటికి తిరిగొచ్చింది.
ఫోను.
"ఓస్లా, నువ్వు బిగించిన ఇల్లు
అన్ని దీపాలూ వేసుకుని లేచి కూర్చుంది.
దీన్నెలా పడుకోబెట్టాలి?"

ఆ సంగతి ముందే సరిచేయాల్సింది నేనే. మరిచిపోయాను.
క్షమాపణ నోటిదాకా వచ్చేలోగా
అతని వెనక చప్పుడు మొదలైంది.
టక్.
కొన్ని అడుగులు.
టక్.
ఉర్సిలా గదిగదికీ వెళుతోంది.

ఏమీ మాట్లాడకుండా లెక్కపెట్టాను.
ఏడు విన్నాను.
ఎనిమిదోది
మెట్ల కింద, ఇంత గొడవలోనూ
అసలు లేవనే లేదు.