కొసరు

శనివారం రాత్రి నిస్సీ లెక్కల నోటు వెనకపేజీలో
వచ్చే వారాన్ని రాసుకుంటాను.
పైన ఒక్క అంకె: తొమ్మిదొందలు.
కింద గీత.
గీత కింద ఏడు రోజులు నడుం వంచి కూర్చుంటాయి.

నాకు రూపాయల్లో ఆలోచించడం రాదు.
కిలో కందిపప్పంటే రెండు చీరల ఫాల్స్.
డజను గుడ్లంటే ఒక చీరా, ఇంకో చీర కుచ్చిళ్ళ దాకా.
నూనె ప్యాకెట్టు మొన్నటిదాకా రెండు చీరలే,
ఇప్పుడు రెండున్నర.
ఆ అర చీర ఎవరికి కుడుతున్నానో
ఇంతవరకూ తెలీదు.

పటమట రైతుబజారుకి ఆటోలో పోను ఇరవై, రాను ఇరవై.
నడిస్తే ఆ నలభైకి మూడు గోంగూర కట్టలూ కాస్త కొత్తిమీరా.
చెప్పు తెగితే అవీ పోతాయి.
తెగిందొకసారి.
కుట్టేవాడు పదిహేను అడిగితే
పిన్నీసు పెట్టుకుని ఇంటికొచ్చాను.

గేటు పక్క బోర్డు మీద సుద్దముక్కతో రాసినవి
పొద్దుటి ధరలు. అవి వేరేవాళ్ళవి.
నా ధరలు ఏడు దాటాక పుడతాయి.
అప్పటిదాకా తిరుగుతాను.
బెండకాయ తోక విరుస్తాను.
"విరవకమ్మా" అంటాడు.
"విరవకపోతే ముదురో లేతో ఎలా తెలుస్తుంది బాబూ"
అనేసి దొండకాయల వైపు పోతాను.
కొనను. అడుగుతాను.
అడగడానికి డబ్బులక్కర్లేదు.

కంకిపాడు అవతల నుంచి వచ్చే సామ్రాజ్యం దగ్గర
టమాటా పొద్దున ముప్పై రెండు, మధ్యాహ్నం ముప్పై.
ఏడింటికి ఆమె పట్టా మీద ఇంకా ఆరేడు కిలోలు,
చేతిలో నొక్కుల ఫోను, దాన్లో టైము.
నేను రెండు పట్టాల అవతల
ఉల్లిపాయలు ఏరుతున్నట్టు.
ఆమె నన్ను చూసింది.
చూసిందని నేను చూశాను.
ఎనిమిదింటి బస్సు ఆమెది, పొయ్యి మీద ఎసరు నాది.
ముందు నోరు తెరిచినవాళ్ళకి
కిలోకి ఐదు రూపాయలు నష్టం.

ఏడూ ఇరవై.
ఏడున్నర.
ఎవరో స్కూటరాయన బండి దిగకుండానే
ముప్పైకి కిలో కట్టించుకుపోయాడు.
ఆడుతున్న గవ్వల మీద కాలేసినట్టయింది.

ఏడూ నలభైకి నేనే ఓడిపోయాను.
"ఎంతకిస్తావు?"
"ఇరవైకి తీసుకోమ్మా. మొత్తం అయితే పదిహేను."
మొత్తం ఏం చేసుకోను?
చవగ్గా వచ్చిందని కుళ్ళబెట్టడం కంటే
ఖరీదైన పని లేదని
నిరుడు నాలుగు క్యాలీఫ్లవర్లు నేర్పాయి.

రెండు కిలోలు. కాటా మీద ఎర్ర అంకెలు
ఇంకా ఊగుతుండగా ఆమె అడిగింది,
"అమ్మా, ఇక్కడ నూనె ప్యాకెట్టు ఎంతుంది?
మా ఊరి కొట్టువాడు నూట అరవై అంటన్నాడు."
"నూట యాభై."
ఆమె బొటనవేలు కణుపుల మీద నడిచింది.
పెదాలు కదిలాయి.
ఏం లెక్కో నాకు తెలుసు:
ఎన్ని కిలోల టమాటాకి ఒక ప్యాకెట్టు అని.
ఈమెకీ రూపాయల్లో ఆలోచించడం రాదు.
నా అర చీర
ఈమె దాకా కూడా రాలేదన్నమాట.

తూకం ఆగాక
గుప్పెడు పచ్చిమిర్చి సంచిలోకి జారవిడిచింది.
కాటాకి తెలీదు ఆ సంగతి.
నేను యాభై ఇచ్చాను, ఆమె పది తిరిగిచ్చింది.
ఉంచుకోమందామని నోటిదాకా వచ్చింది.
అనలేదు.
ఆ పది మీద అప్పటికే మంగళవారం పేరు రాసుంది.

ఇంటికొచ్చాక నిస్సీ పెన్ను పట్టుకుని
సంచిలోవి ఒక్కొక్కటే దింపుతోంది.
"పచ్చిమిర్చి ఎంతమ్మా?"
"ఊరికే ఇచ్చింది."
"సున్నా వెయ్యనా?"
"సున్నా వద్దు. పేరు రాసి
ఎదురుగా చోటు వదిలెయ్యి."

దోరవి ఒక పక్క, మెత్తబడినవి ఒక పక్క పెడుతూ
చూస్తున్నాను.
మెత్తవి రేపటికి పప్పులోకి.
దోరవి గురువారం దాకా ఆగుతాయా?