ఇంకా కొట్టెయ్యొద్దు

రొయ్యల మేత సంచి కోసి, తిరగేసి
మోటారు గుడిసెలో నేల మీద పరిచాం.
ఎగరకుండా నాలుగు మూలలా
నాలుగు స్పానర్లు.

పైన నేనే రాశాను, నా డిప్లొమా అక్షరాలతో:
రాత్రి కరెంటు పోతే తెలిసేదెట్ట?

అల్లూరు దాటాక ఇస్కపల్లి దారిలో
మొన్న శుక్రవారం మా గుంటలకి తెలీలేదు.
ఏరేటర్లు ఆగిన సంగతి
పెంచలయ్య దగ్గరికి నిశ్శబ్దంగా వచ్చింది.
నిశ్శబ్దం ఎవర్ని లేపుతుంది?
పొద్దున వలేస్తే వచ్చినవన్నీ
మెత్తగా, బరువుగా, చిటుక్కుమనకుండా.

వెల్డింగు ఖాదర్ వలీ షరతు ఒకటే:
సంచి రెండు పక్కలా నిండేదాకా
'కుదర్దు' అనే మాట ఎవురి నోటా రాకూడదు.
వస్తే అందరికీ టీ.

కుక్కని పెంచుదాం.
"కుక్క మాత్రం నిద్రపోదా?" అన్నాను.
మొదటి టీ నాదే.
రెండోది కూడా నాదే,
నులక ఊడదీసిన మంచం దగ్గర.
(పెంచలయ్య నవ్వలేదు. అయినా రాశాను.)

కామాక్షమ్మ ఇంతసేపూ
వేళ్ళకంటిన మేతపొడి దులుపుకుంటా కూచుంది.
"గాలి చాలకపోతే రొయ్య గట్టుకొచ్చి
మీసాలు పైకి పెడతాది.
మన కంటే ముందు కొంగకి తెలుస్తాది.
పొయ్యి దాన్నడగండి."
పదకొండు: కొంగనడగాలి.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.
దోమలొచ్చాయి.
ఎవరో పాత సైరను అన్నారు, ఎవరో కోడిపుంజు.

పదిహేడోది పెంచలయ్యది.
"నా కాలి బొటనేలికి తాడు కట్టండయ్యా,
రెండో కొస ఏరేటరు చక్రానికి.
అది ఆగితే నన్ను లాగాల."
గుడిసె అదిరేలా నవ్వాం.
ఆగిన చక్రం లాగుద్దా యాడన్నా?
'కుదర్దు' నా పళ్ళ దాకా వచ్చింది.
జేబులో చిల్లర తడుముకుని మింగేశాను.

నవ్వుతా నవ్వుతా ఖాదర్ వలీ ఆగిపోయాడు.
"ఆగింది లాగదు.
వదిలెయ్యగలదు గదా."

కరెంటున్నంతసేపూ
అయస్కాంతమై ఇనప పళ్ళేన్ని పట్టుకుని ఉంటది.
పోయిన క్షణాన చెయ్యి జారుద్ది.
కింద ఖాళీ డ్రమ్ము,
డ్రమ్ము పక్కన పెంచలయ్య చెవి.

దిగ్గున లేచాను. ఇదే, ఇంక చాలు!
మిగతా పదిహేడూ కొట్టెయ్యడానికి వంగాను.

ఖాదర్ వలీ నా చేతిలో మార్కరు లాక్కున్నాడు.
"ఇది పద్దెనిమిది. అంతకు మించి ఏం కాదు.
బొటనేలు నవ్వులాటకి పుట్టింది గదా,
కొంగ కడుపులో ఏముందో నీకేం తెలుసు?"

సంచి తిప్పాం.
ఇటువైపు కంపెనీ అచ్చేసిన రొయ్య.
దాని మీసాల మధ్య కాస్త తెల్లటి జాగా.
పందొమ్మిది అని వేసి
పక్కన చుక్క పెట్టి
తలెత్తాను.

బయట చీకట్లో చక్రాలు నీళ్ళని కొడతానే ఉన్నాయి.
అందరం ఒక చెవి అటే పెట్టాం.
కామాక్షమ్మ ఏదో అనబోయి
ముందు తనే నవ్వింది.