గమనికల గడి

అంబత్తూరు ఎస్టేటులో బస్సు దిగేసరికి
ఫోను రెండుసార్లు నా వేలిముద్ర అడిగింది.
చెమటలో నన్ను పోల్చుకోలేదు.
మూడోసారి, చున్నీకి వేలు తుడుచుకున్నాక
కంపెనీ మొత్తం అరచేతిలో తెరుచుకుంది.
మాధవరం గోడౌన్లో బేరింగులెన్ని,
ఎవరికెంత తగ్గించొచ్చు,
ఎవరి బాకీ ఎన్నాళ్ళది.

పోయిన నెలదాకా ఇదంతా ఒక గొంతు.
ఏకాంబరం ఫోనెత్తి "ఉండమ్మా" అని నిచ్చెనెక్కేవాడు.
కస్టమరు ముందు నవ్వుతూ నిలబడి
నేను అతని ఆయాసం వినేదాన్ని.
"పద్నాలుగుండాయి. రెండు తుప్పు. అవి ఇచ్చేవు సుమా."
ఇప్పుడతను డెలివరీ వ్యాను మీద తిరుగుతున్నాడు.
ఫోను పద్నాలుగు అంటుంది.
అంతే అంటుంది.

సుందరరాజులు నాయుడి లేతు షాపు నాకు కొత్త.
అది దురైక్కణ్ణు గారి రూటు.
ఆయన రిటైరయ్యాడు, రూటు నా పేరున పడింది.
షెడ్డు బయట, నీళ్ళ ట్యాంకరు నీడలో ఆగి
పేరు నొక్కాను.
చిరునామా. జీఎస్టీ నంబరు. లక్షా పన్నెండు వేలు రావాలి.
అట్టడుగున, మేమెవరం నింపని గమనికల గడిలో
ఇరవై రెండేళ్ళు తిరిగిన మనిషి
ఒక్క బొటనవేలితో కొట్టి పెట్టిపోయినవి:

ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చో.
శుక్రవారం డబ్బు అడగొద్దు.
కాఫీ వద్దంటే కోపం.
వరదకి మిషన్లు మునిగిన ఏడు కూడా మన బాకీ ఉంచలేదు, తొందర పెట్టకు.
బోర్డు మీద రెండో పేరు ఎవరిదని అడగొద్దు.

ఇదీ కంపెనీ సొత్తే.
ఫోను బస్సులో పోగొట్టుకుంటే
ఆఫీసులో కూర్చునే ఒక్క నొక్కుతో తుడిచేస్తారట.
ధరలతోపాటు, స్టాకుతోపాటు
ఆ ఎడమ చెవినీ.

లోపలికెళ్ళి కుడివైపు కూర్చున్నాను.
ఆయన నన్ను ఎగాదిగా చూసి
"దురై చెప్పినాడా?" అన్నాడు,
చివర్లు సాగే మదరాసు తెలుగులో.
ఫోను చెప్పిందనడానికి నోరు రాలేదు.
కాఫీ తాగాను. చక్కెర ఎక్కువ.

రేకుల కింద సిగ్నలు చచ్చింది.
తెర మీద చక్రం తిరుగుతోంది,
ఆయన వెనక లేతూ తిరుగుతోంది,
రెండింట్లో ఒకటే పని చేస్తోంది.
"ఎన్నుండాయి మీ కాడ?"
"పన్నెండు" అన్నాను.
పన్నెండూ రాయించాడు,
అచ్చు పుస్తకంలో, కార్బన్ కాగితం పెట్టి.

లేచేటప్పుడు, నేనడక్కుండానే,
బోర్డు వైపు గడ్డమెత్తి
ఆ రెండో పేరు సంగతి చెప్పాడు.
మధ్యలో ఒకసారి వెళ్ళి మోటారు ఆపొచ్చాడు.

రోడ్డు మీదికి రాగానే ఫోనుకి ప్రాణమొచ్చింది.
విజిట్ ముగిసిందా?
అవును.
గమనికలేమైనా?
వేలు చాలాసేపు గడి మీదే ఉంది.
స్టాకు పద్నాలుగు కాదు, పన్నెండు,
ఏకాంబరాన్ని అడగండి, అని మాత్రం కొట్టి
బస్సెక్కాను.